చెవులక్క వినని చప్పుడు

మూడంతస్తుల భవనంలో మెట్ల కింద మిగిలిపోయిన ఏటవాలు జాగాయే ఆమె దుకాణం. తలుపు దగ్గర నిటారుగా నిలబడవచ్చు. లోపలికి నాలుగడుగులు వేస్తే నడుం వంచక తప్పదు. ఆ వంగాల్సిన చోటే బల్ల, బల్ల మీద మెడ వంచుకున్న దీపం, దాని కింద ఎప్పుడూ మూత తీసిన కంప్యూటరు ఒకటి. ఇరవై రెండేళ్లుగా ఆమె అక్కడే కూర్చుని కంప్యూటర్లు బాగుచేస్తోంది. అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. చెవులక్క అంటే మాత్రం ఎవరైనా చెయ్యి చూపించి దారి చెబుతారు.

ఆ పేరు ఊరికే రాలేదు. పాతికేళ్ల కిందట ఆమె ఒక బీమా కార్యాలయంలో టైపిస్టు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. వాటితోపాటు వాటిని బాగుచేసే మెకానిక్కూ వచ్చాడు కానీ, ఎప్పుడు పిలిచినా "రేపు" అనేవాడు. ఆయన రేపు వారమయ్యేది. ఒకసారి ఆమె బల్ల కింది కంప్యూటరు డబ్బా తేనెపట్టు కదిపినట్టు రొద పెడుతుంటే నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు ఆయన వచ్చాక, "లోపల కాగితం లాంటిదేదో ఫ్యానుకి తగులుతోందండీ" అంది.

"మీరేమన్నా లోపలికి దూరి చూశారా?" అని నవ్వాడాయన.

మూత తీస్తే, ఊడిపోయిన లేబులు అంచు ఫ్యాను రెక్కకు రాసుకుంటోంది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అలాగే జరిగింది. చివరికి ఆయనే, "నా ఉద్యోగం మీరు చేసుకుంటే నేను హాయిగా ఇంట్లో పడుకుంటానమ్మా" అన్నాడు. మాటవరసకు అన్న మాట. ఆమె మాత్రం దాన్ని చెవిన వేసుకుంది. సాయంత్రాలు పని నేర్చుకుని, మూడేళ్లకు ఉద్యోగం మానేసి, మెట్ల కింద గది తీసుకుంది.

ఆమె పద్ధతి తోటి మెకానిక్కులకు వింతగా ఉండేది. వచ్చిన కంప్యూటరును ముందు ఆన్ చేసి, కళ్లు మూసుకుని కూర్చునేది. ఫ్యాను ఎలా తిరుగుతోంది, డిస్కు ఎలా లేస్తోంది, ఎక్కడ తడబడుతోంది, అన్నీ వినేది. అప్పటికీ అనుమానం తీరకపోతే పొడవాటి స్క్రూడ్రైవరు కొనను డబ్బాలోని భాగానికి ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకు నొక్కిపట్టి వినేది. దారిన పోతూ పోతూ ఏ దుకాణం ముందో ఆగి, "మీ కంప్యూటరు ఫ్యాను ఇంకో నెలకు మించి రాదు, చూసుకోండి" అని చెప్పి వెళ్లిపోయేది. నెల తిరిగేసరికి ఆ ఫ్యాను ఆమె బల్ల మీద ఉండేది. ఆమెది నోటివాక్కు అన్నారు కొందరు. కాదు, చెవివాక్కు అన్నారు మిగతావాళ్లు. అలా చెవులక్క అయింది.

మెట్ల కింద ఉండేవాళ్లకు మెట్లెక్కేవాళ్ల ముఖాలు కనబడవు, అడుగులే వినబడతాయి. ఏ అడుగు ఎవరిదో ఆమెకు కంఠతా వచ్చు. రెండో అంతస్తు లెక్కల టీచరు రెండేసి మెట్లు ఎక్కేది. పైనుండే తాతగారు ఆరో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకునేవాడు. అయితే నాలుగైదేళ్లుగా ఆ అడుగులు మెత్తబడుతూ వచ్చాయి. జనమంతా మెత్తని బూట్లు వేసుకుంటున్నారు కాబోలు అనుకుందామె. కంప్యూటర్ల చప్పుడూ తగ్గింది. అందులో వింతేముంది? కొత్త డిస్కుల్లో తిరిగే భాగమే లేదు, చప్పుడెక్కడిది? స్క్రూడ్రైవరు చెవి దగ్గర పెట్టి ఎంత కాలమయిందో ఆమెకే గుర్తులేదు. ఫోన్లో అవతలివాళ్ల మాట అందకపోతే ఆ ఫోన్లు తయారుచేసేవాళ్లను తిట్టుకునేది.

ఇంట్లో అసలే తెలియలేదు. ఆమె భర్త కారు నడపడం నేర్పే మాస్టారు. ముప్పై ఏళ్లుగా "బ్రేకు! బ్రేకు!" అని అరిచి అరిచి ఆయన గొంతు అదే స్థాయిలో స్థిరపడిపోయింది. ఉప్పు అందుకోమన్నా ఎదురుగా లారీ వస్తున్నట్టే చెప్పేవాడు. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో చెవులు కాస్త మందగించినా లోటేమీ తెలియదు. పైగా ఆమె మాట ఎప్పుడూ మెల్లగానే ఉండేది. వినపడనివాళ్లు గట్టిగా మాట్లాడతారని లోకానికి ఒక నమ్మకం. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆమెకు ఒకటి రెండుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పనిలో పడి దాన్ని పక్కకు నెట్టేసింది.

రెండు వీధుల అవతల వినికిడి పరీక్షల కేంద్రం ఒకటి ఉంది. ముందు గదిలో నాలుగు కుర్చీలు, ఒక బల్ల. లోపల దళసరి తలుపుతో, గోడలకు మెత్తని పలకలు తాపడం చేసిన చిన్న గది. ఆ గదిలో కూర్చుంటే మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుందని అంటారు. పరీక్షలు చేసే ఆమె వయసు నలభై లోపే. అందరూ డాక్టరమ్మ అనే పిలుస్తారు. ముందు బల్ల దగ్గర పేర్లు రాసుకునే పెద్దాయన వేరే ఆఫీసులో రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇక్కడ చేరాడు. ఒకరోజు ఆయనే వెతుక్కుంటూ మెట్ల కిందికి వచ్చాడు.

"అమ్మా, మా కంప్యూటరు మొరాయిస్తోంది. పసిపిల్లల పరీక్ష కోసమని కంపెనీవాళ్లు కొత్త కార్డు ఒకటి బిగించి వెళ్లారు. అంతకు ముందు ఒకటిన్నర నిమిషంలో తెరుచుకునేది. ఇప్పుడు పద్నాలుగు నిమిషాలు."

"పద్నాలుగా? అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. తేదీ, ఆన్ చేసిన సమయం, తెర తెరుచుకున్న సమయం, అన్నీ గీతలు గీసి మరీ రాసి ఉన్నాయి. అలాంటి మనిషిని చూస్తే ఆమెకు ముచ్చటేసింది. సంచీలో పనిముట్లు సర్దుకుని ఆయన వెంటే బయల్దేరింది.

ఆ ఆలస్యం వల్ల వచ్చిన చిక్కేమిటో డాక్టరమ్మ చెప్పింది. పసిపిల్లల వినికిడి పరీక్ష వాళ్లు నిద్రలో ఉన్నప్పుడే చెయ్యాలి. తల్లులు పొద్దున్నే బిడ్డకు పాలిచ్చి, భుజాన వేసుకుని, జోకొట్టుకుంటూ తొమ్మిదింటికి వస్తారు. కంప్యూటరు లేచేసరికి బిడ్డ కూడా లేచి కూర్చుంటోంది.

"రాత్రంతా ఆన్‌లోనే ఉంచేస్తే?" అని అడిగింది చెవులక్క.

"ఈ ఇంటి యజమాని సాయంత్రం తాళం వేస్తూ కరెంటు మెయిన్ కట్టేసి పోతాడు. ఆయనకి చెప్పి చూశాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది" అన్నాడు పెద్దాయన. అంటూనే నాలిక కరుచుకుని, కుర్చీల్లో కూర్చున్నవాళ్ల వైపు భయంగా చూశాడు. అదృష్టం బాగుండి వాళ్లకు వినపడలేదు.

ఆమె మూత తీసి పని మొదలుపెట్టింది. కొత్తది వచ్చాక తంటా మొదలైతే ఎవరైనా కొత్తదాని మీదే వేలు చూపిస్తారు. ఆమె కూడా అలాగే చేసింది. కంప్యూటరును ఆపి, కార్డు ఊడదీసి, మళ్లీ ఆన్ చేసింది. పదమూడు నిమిషాలు పట్టింది. అంటే కార్డు పాపం లేదు. దాన్ని మళ్లీ బిగించింది. ఆన్ కాగానే వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాములు పదకొండు ఉంటే ఎనిమిదింటిని ఆపింది. కంప్యూటరు లేవగానే ముందు ఎక్కడ వెతకాలో చెప్పే వరస చూస్తే, అది పాత డిస్కును వదిలేసి లేని నెట్‌వర్కును వెతుకుతోంది. దాన్ని సరిచేసింది. కార్డుకు సంబంధించిన డ్రైవరును తీసి మళ్లీ ఎక్కించింది. డిస్కును పరీక్షించే ప్రోగ్రాము నడిపితే, పాతదే అయినా ఆరోగ్యంగా ఉందని చెప్పింది.

ఆమె తల డబ్బాలో ఉండగా పెద్దాయన వెనక నిలబడి ఏదో అడిగాడు. సగం మాట గాలిలో కలిసిపోయింది. "సరేనండీ" అందామె. అలా అనేయడం ఆమెకు కొన్నాళ్లుగా అలవాటైపోయింది. సరేనంటే సగం ప్రశ్నలకు అదే జవాబుగా సరిపోతుంది. డాక్టరమ్మ లోపలి గది గుమ్మంలో నిలబడి ఆమెవైపు ఒక క్షణం చూసి లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నానికి పద్నాలుగు నిమిషాలు పన్నెండయ్యాయి. ఉన్నవాటిలో ముఖ్యమైన రికార్డులన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి పెట్టి, "రేపు పొద్దున్న మళ్లీ వస్తాను" అంది. అన్నాక ఆ 'రేపు' తన నోటి నుంచి వచ్చినందుకు సిగ్గుపడింది. ఇంటికి వెళ్తూ దారంతా లోపల్లోపలే ఒక్కో తీగా విప్పుకుంటూ, బిగించుకుంటూ నడిచింది. ఇరవై రెండేళ్లలో చేతకాక వదిలేసిన పనులు లేకపోలేదు. కానీ ఎక్కడ చెడిందో తెలియక లేచిపోయింది ఇదే మొదటిసారి.

మర్నాడు ఎనిమిదిన్నరకే అక్కడ ఉంది. పెద్దాయన అప్పుడే తాళం తీస్తున్నాడు. నోటుపుస్తకం అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చదివింది. అందులో ముందురోజు ఆమె చూడని సంగతి ఒకటి కనిపించింది. పొద్దున్నే ఆన్ చేస్తే పద్నాలుగు. కరెంటు పోయి వచ్చినప్పుడూ పద్నాలుగే. మధ్యలో ఏ పనికో వాళ్లే రీస్టార్టు చేసిన రోజుల్లో మాత్రం రెండు నిమిషాలు.

"ఇది నిజమేనా? రీస్టార్టు చేస్తే రెండేనా?"

"నేను అబద్ధం రాయనమ్మా" అన్నాడాయన కాస్త నొచ్చుకుని.

కంప్యూటరు పూర్తిగా ఆగి మొదలైతే ఆలస్యం. ఆగకుండా మళ్లీ మొదలైతే లేదు. అంటే అడ్డం పడుతున్నది ప్రోగ్రాముల్లో లేదు, డిస్కు నిద్రలేచే చోట ఉంది. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇంతలో ఒక తల్లి బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. బిడ్డ గాఢనిద్రలో ఉంది. గదిలో అందరూ గొంతు తగ్గించేశారు. ఆమె స్విచ్చి నొక్కింది.

అర నిమిషం గడిచింది. పెద్దాయన వంగి గుసగుసగా ఏదో అన్నాడు.

"ఏంటండీ?"

ఆయన మళ్లీ అన్నాడు. ఈసారి ఆమె ఆయన పెదవులు చూసింది. "అదిగో, మళ్లీ ఆ చప్పుడు."

"ఏ చప్పుడు?"

"నిన్న అడిగాను కదమ్మా, ఆ టిక్కు టిక్కు ఏంటని? మీరు సరేనన్నారు. ఇదుగో, గుర్రుమని లేస్తుంది, టిక్కుమని చచ్చిపోతుంది, మళ్లీ లేస్తుంది. కార్డు బిగించిన రోజు నుంచీ ఇదే గోల."

ఆమె కళ్లు మూసుకుంది. విన్నది. ఏమీ లేదు. డబ్బాకు మరింత దగ్గరగా వంగి విన్నది. ఏదో దూరపు గాలి లాంటి ఒక హోరు, అంతే. కళ్లు తెరిచి బిడ్డ తల్లివైపు చూసింది. ఆ అమ్మాయి కూడా అవునన్నట్టు తలూపింది. గోడ దగ్గర పరీక్ష కోసం కూర్చున్న మనిషి కూడా తలూపాడు. ఆ గదిలో ఆ చప్పుడు వినపడని మనిషి చెవులక్క ఒక్కతే.

ఆమె తేలు కుట్టిన దొంగలా ఎవరికీ ఏమీ చెప్పకుండా సంచీలో చెయ్యిపెట్టి అడుగున ఎక్కడో ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరు తీసింది. కొన డిస్కుకు ఆనించింది. పిడిని చెవి వెనకాల ఎముకకు నొక్కింది.

స్పష్టంగా వినబడింది. ఎంత స్పష్టంగానంటే ఆమె ఉలిక్కిపడింది. డిస్కు లేవబోయింది, వేగం అందుకోబోతూ తూలింది, టిక్కుమని పడిపోయింది. మళ్లీ మొదటి నుంచి. బరువు మూట ఎత్తబోయి మోకాళ్లు వంగిపోయిన మనిషిలా ఉంది దాని పరిస్థితి. దానికి లోపల రోగం లేదు, తిండి అందట్లేదు. ఆమె స్విచ్చి ఆపేసి, డిస్కుకు వెళ్లే కరెంటు తీగను వేళ్లతో తడుముకుంటూ వెనక్కి వెళ్లింది. తీగల గుత్తి వెనకాల చెయ్యి దూరని మూల, కొత్త కార్డుకూ కరెంటు కావాలని, బిగించినవాళ్లు డిస్కు తీగ ఊడదీసి, మధ్యలో ఒకటి రెండయ్యే చిన్న తీగ ఒకటి తగిలించారు. దాన్ని వై కేబుల్ అంటారు. దాని ప్లగ్గులో ఒక పిన్ను లోపలికి జారి, తగిలీ తగలనట్టు ఉంది. డిస్కుకు లేచేటప్పుడే కరెంటు ఎక్కువ కావాలి. అప్పుడే అది అందట్లేదు. ఎన్నోసారికో ఎలాగో లేచాక రోజంతా బాగానే తిరుగుతోంది. ముందురోజు కార్డును తీసింది గానీ ఈ తీగను అలాగే వదిలేసింది. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆ తీగ పీకేసింది. డిస్కుకు నేరుగా ఒక లైను, కార్డుకు విడిగా మరో లైను ఇచ్చింది. పది నిమిషాల పని. స్విచ్చి నొక్కింది. పెద్దాయన గడియారం చూస్తూ నిలబడ్డాడు.

"నిమిషం ఇరవై ఎనిమిది సెకన్లు!" అని అరిచాడు ఆనందం పట్టలేక. బిడ్డ కెవ్వుమంది.

ఆయన ముఖం మాడిపోయింది. తల్లి నవ్వి, బిడ్డను పొదువుకుని లోపలికి తీసుకెళ్లి, పాలు పట్టి మళ్లీ నిద్రపుచ్చింది. అరగంటలో పరీక్ష అయిపోయింది. బిడ్డ చెవులు రెండూ శుభ్రంగా పనిచేస్తున్నాయి. పెద్దాయన కేక వినపడిందంటేనే ఆ సంగతి తెలిసిపోయిందని డాక్టరమ్మ నవ్వింది.

తల్లీ బిడ్డా వెళ్లాక చెవులక్క పనిముట్లు సర్దుకుంటుంటే డాక్టరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అక్కా, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ చప్పుడు మీకు స్క్రూడ్రైవరు పెట్టాకే వినిపించింది కదూ?"

"ఈ మధ్య మెషిన్లలో చప్పుడు బాగా తగ్గిపోయింది డాక్టరమ్మా."

"తగ్గింది మెషిన్లలో కాదక్కా."

డాక్టరమ్మ సొరుగులోంచి రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి తీసి, మోచేతికి తాకించి మోగించి, ఆమె చెవి పక్కన పట్టుకుంది.

"వినపడుతోందా?"

"ఉహూ."

దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనించింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. తలలో గంట మోగుతున్నట్టు ఉంది.

"చూశారా? ఎముక మీదుగా పంపితే వినపడుతోంది. అంటే నరం బాగుంది. నిన్న మీరు నా పెదాల వంక చూస్తూ మాట్లాడుతుంటేనే అనుమానం వచ్చింది. ఇందాక ఆ స్క్రూడ్రైవరు పెట్టుకుని మీరు ఉలిక్కిపడగానే రోగం ఏంటో సగం అర్థమైంది. లోపలికి రండి, సరిగ్గా చూద్దాం."

మెత్తని గోడల గదిలో ఆమెను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. ఆమె మీట మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అద్దం అవతల డాక్టరమ్మ చేతులు కదులుతూనే ఉన్నాయి. అంటే చప్పుళ్లు వస్తూనే ఉన్నాయన్నమాట. తాను మీట నొక్కని ప్రతి నిమిషం ఆమెకు భారంగా గడిచింది.

బయటికి వచ్చాక డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. చెవి లోపల మూడు బుల్లి ఎముకలు ఉంటాయి. చప్పుడును ఒకదానినుంచి ఒకటి అందుకుని లోపలి నరానికి చేరుస్తాయి. ఆఖరి ఎముక బిగుసుకుపోతే అందుకున్న చప్పుడును అవతలికి ఇవ్వలేదు. ఆమెకు రెండు చెవుల్లోనూ ఆ ఎముకే బిగుసుకుంది. వినికిడి మెషిన్ పెట్టుకోవచ్చు, లేదా సర్జన్ చిన్న ఆపరేషన్‌తో సరిచేయొచ్చు.

"ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుందక్కా. మీ అమ్మగారికి ఉండేదా?"

చెవులక్క వాళ్లమ్మ పోయి పదేళ్లయింది. ఆమె గురించి ఇంట్లో అందరిదీ ఒకే మాట. ఎవరేం చెప్పినా పెడచెవిన పెట్టే మనిషి, మొండిఘటం. పిలిస్తే పలకదు, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతుంది. పిల్లలందరూ విసుక్కునేవారు. చెవులక్క కూడా విసుక్కుంది. ఒకసారైతే, "నీతో మాట్లాడటం గోడతో మాట్లాడటం ఒకటే" అని ముఖం మీదే అనేసింది. ఆ మాట మాత్రం వాళ్లమ్మకు వినపడింది.

"ఉండేదేమో" అంది చివరికి. "మేమెవ్వరం కనుక్కోలేదు." కాసేపు కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. పెద్దాయన మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మాస్టారు వంటగది గట్టు దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. ఆమె ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది.

"అంటే, వినపడకేనా?" అన్నాడు.

"ఏది?"

"రెండేళ్లుగా నామీద కోపంగా ఉన్నావనుకున్నానే నేను."

"కోపమా? ఎందుకు?"

"మా చెల్లెలింట్లో భోజనాల దగ్గర అందరి ముందూ నిన్నొక మాట అన్నాను కదా. నోరు జారింది. అప్పట్నుంచీ నేను పిలిస్తే ఒక్కోసారి పలకవు. పక్క గదిలోంచి ఏదన్నా అడిగితే జవాబివ్వవు. పోనీలే, తప్పు నాదే కదా, చల్లారేదాకా ఊరుకుందాం అనుకున్నాను."

ఆమెకు ఇన్నాళ్లుగా ఆయన చేసిన పనులన్నీ గుర్తొచ్చాయి. అడగకుండానే బట్టలు ఆరేయడం, ఆదివారాలు వంట తానే చేస్తాననడం, ఈ చిక్కుడుకాయలు. వయసు మీద పడి మెత్తబడ్డాడని అనుకుంది గానీ, క్షమాపణ చెప్పుకుంటున్నాడని అనుకోలేదు.

"ఇంతకీ ఏమన్నారు ఆ రోజు?"

ఆయన అనుమానంగా చూశాడు. "నీకు వినపడలేదా?"

"లేదు."

"అయితే ఇప్పుడెందుకు చెబుతాను? నాకేమన్నా పిచ్చా?"

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వి నవ్వి ఆయన దగ్గు తెచ్చుకున్నాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, చాలాకాలం తర్వాత మామూలు గొంతుతో, "ముందు ఒక చెవికి చేయిద్దాం. నేను వెంట ఉంటాను" అన్నాడు. ఆమె ఆయన పెదాలు చూసి ఆ మాట తెలుసుకుంది.

నెలన్నర తర్వాత కుడి చెవికి ఆపరేషన్ జరిగింది. మత్తు చెవి వరకే ఇచ్చారు, గంట పట్టలేదు. రెండు రోజులు కళ్లు తిరిగాయి. మూడు వారాలు బరువులెత్తొద్దన్నారు. బరువంటే ఆమెకు కంప్యూటరు డబ్బాలే కాబట్టి దుకాణం మూసేసింది. తలుపుకు "చెవి బాగుచేయించుకోవడానికి వెళ్లాను" అని కాగితం అంటించింది. అబద్ధం రాయడం ఇష్టం లేక అలా రాసింది. చదివినవాళ్లలో సగం మంది అది తమాషాకి రాసిందనుకున్నారు. లెక్కల టీచరు మాత్రం ఇంటికి వచ్చి, "మీరు నన్ను పలకరించడం మానేశారని బాధపడ్డానండీ. ఇదా సంగతి" అంది. అలా బాధపడినవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు తేలారు.

చెవిలోని దూది తీసిన రోజు ఆమెకు ప్రపంచం మీద పడ్డట్టయింది. ఆసుపత్రిలో ఎవరో పేపరు తిరగేస్తే రేకు చిరిగినంత పెద్దగా వినిపించింది. సొంత చెప్పుల చప్పుడు విని ఎవరో వెంట వస్తున్నారని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. బయట కారులో మాస్టారు, "ఎలా ఉందే?" అని ఎప్పటిలాగే అడిగితే రెండు చేతులతో చెవి మూసుకుంది.

"మెల్లగా! మెల్లగా మాట్లాడండి!"

"ఇది మెల్లగానేనే" అన్నాడాయన, నిజంగా ఆశ్చర్యపోతూ.

ఆయనకు మెల్లగా మాట్లాడటం నేర్పడానికి నెల పట్టింది.

దుకాణం తెరిచాక మొదటి పనిగా చెవులక్క వినికిడి కేంద్రానికే వెళ్లింది. పాత డిస్కు అన్నిసార్లు పడిలేచింది, దాన్ని నమ్ముకోకూడదని మొదటే చెప్పి ఉంచింది. కొత్త డిస్కు బిగించి, రికార్డులన్నీ అందులోకి మార్చింది. ఇప్పుడది ఇరవై సెకన్లలో తెరుచుకుంటోంది. పెద్దాయనకు రాసుకోవడానికి ఏమీ మిగల్లేదని దిగులు.

వాళ్లమ్మ గురించిన దిగులు మాత్రం ఆమెను వదల్లేదు. ఒక ఆదివారం అన్నయ్యకూ చెల్లెలికీ ఫోన్ చేసి విషయం చెప్పింది. చెల్లెలు ఏడ్చింది. ఆ తర్వాతి వారం చెల్లెలు తానూ పరీక్ష చేయించుకుంది. ఆమెకూ ఎడమ చెవిలో అదే మొదలైందట.

ఇప్పుడు అప్పుడప్పుడు డాక్టరమ్మ నుంచి ఫోన్ వస్తుంది. "అక్కా, ఒకాయన వచ్చారు. పరీక్షకు కూర్చోనంటున్నారు. వీలైతే ఒకసారి రాగలరా?" ఆమె దుకాణం తలుపు దగ్గరకు వేసి వెళ్తుంది. మొన్న అలా వెళ్లేసరికి ఒక వడ్రంగి మేస్త్రి, అరవై దాటినవాడు, గోడ దగ్గరి కుర్చీలో చేతులు కట్టుకుని బిగుసుకుని ఉన్నాడు. కోడలు బలవంతంగా తీసుకొచ్చిందట. ఆ అమ్మాయి మరో కుర్చీలో తల వంచుకుని కూర్చుంది.

చెవులక్క ఆయన పక్కన కూర్చోలేదు. ఎదురుగా, తన ముఖం కనబడేలా కూర్చుంది.

"నాకు బాగానే వినపడుతుందమ్మా" అన్నాడాయన ఆమె అడక్కుండానే. "ఈ పిల్లే గొణుగుతుంది."

"రంపం చప్పుడు వినపడుతోందా?"

"రంపానికేం? శుభ్రంగా."

"మనవల మాట?"

మేస్త్రి తన చేతుల వంక చూసుకున్నాడు. "చిన్నది మెల్లగా మాట్లాడుతుంది" అన్నాడు.

"ఏమంటుంది?"

ఆయన లేచి, చొక్కా సరిచేసుకుని, "ఎంతసేపు పడుతుంది?" అని డాక్టరమ్మను అడిగాడు. పావుగంట అని చెప్పింది డాక్టరమ్మ. దళసరి తలుపు తెరిచి పట్టుకుంది. మేస్త్రి లోపలికి వెళ్లే ముందు ఆ తలుపు చెక్కను వేలితో తట్టి చూసి, మంచి పనితనమేనని ఒప్పుకున్నాడు.